మొగ దాటే పడవ

నదులు సముద్రంలో కలిసి నామరూపాలను విడిచినట్లే జ్ఞాని పరమపురుషునిలో లీనమవుతాడని ముండకోపనిషత్తు చెబుతుంది. భారతీయ తత్త్వచింతనలో ఈ ఉపమానానికి ఉన్న గౌరవం తెలిసినదే. అయితే ఆ నది వెంట పడవలో దిగివచ్చే జాలరికి ఈ సౌలభ్యం లేదు. నీరు నీటిలో కలుస్తుంది, మనిషి కలవడు. తన పేరుతో, నదిలో నేర్చిన అలవాట్లతో సముద్రం మీదికి వెళ్ళి, ఇంటివద్ద ఎదురుచూసేవారి కోసం మళ్ళీ ఒడ్డు చేరవలసినవాడు అతడు. మంచినీటిలో వేటాడినవాడు చిన్నపడవతో ఉప్పునీటిలోకి వెళ్ళడాన్ని సాధారణంగా బ్రతుకుతెరువుకు సంబంధించిన విషయంగానే చూడడం జరుగుతున్నది. కాని అందులో ఒక నైతికప్రశ్న కూడా ఉన్నది. ఒకచోట సంపాదించిన నేర్పును నమ్ముకుని మరొకచోట పడవ దింపేవాడు, ఆ పడవలో కూర్చున్న తక్కినవారికి ఏమి బాకీపడి ఉంటాడు?

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి యానాం మీదుగా, వసిష్ఠ అంతర్వేది వద్ద సముద్రాన్ని చేరుతాయి. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పటంలో మొగ ఒక గీత మాత్రమే. నీటి మీద దానికి నిలకడ లేదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు తీస్తుంది. ఆ వేళ కూడా నేటికీ రేపటికీ సుమారు యాభై నిమిషాలు జరుగుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలం ఎక్కువ. వరదలు తెచ్చిన ఇసుకమేటలు ఏటేటా చోటు మార్చుకుంటాయి. నీరు తీసే సమయంలో ఎదురుగాలి వీచిందంటే, బయటకు పరుగెత్తే ప్రవాహమూ లోపలికి తోసుకువచ్చే అలా ఢీకొని, నదిలో ఎన్నడూ చూడని నిటారు కెరటాలు అక్కడ లేస్తాయి.

నదిలో పనిచేసేవాడి విద్య సామాన్యమైనది కాదు. గెడ నేలకు తగిలిన తీరును బట్టి అడుగున ఉన్నది బురదో ఇసుకో అతడు చెప్పగలడు. సుడి ఎక్కడ తిరుగుతుందో, వరదనీటి రంగు మారితే ఏ చేప కదులుతుందో అతనికి తెలుసు. కాని ఆ విద్యకు ఆధారాలైన రెండు గట్లు, ఒకే దిశలో పారే నీరు, గెడకు అందే నేల మొగ దాటగానే మాయమవుతాయి. నదిలో వేటకు వెళ్ళేవాడు దాహం గురించి ఆలోచించడు, దోసిలి పడితే చాలు. సముద్రంలో చుట్టూ నీరే ఉన్నా కుండతో మంచినీరు వెంట తీసుకువెళ్ళాలి. పడవలో కూర్చున్న మనిషి కన్ను నీటికి ఒక మీటరు ఎత్తున ఉంటే, అతనికి కనిపించే నీటి అంచు నాలుగు కిలోమీటర్ల లోపే ఉంటుంది. విశాఖ తీరంలో గురుతుపట్టడానికి కొండలున్నాయి, కోనసీమ తీరంలో లేవు. ఇరవై కిలోమీటర్లు పోకముందే ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల తలలు సైతం నీటి అంచున దిగిపోతాయి. తీరం వెంబడి నడిచే ప్రవాహమైనా ఏడాది పొడుగునా ఒకటి కాదు. బంగాళాఖాతపు పడమటి అంచున వేసవికి ముందు అది ఉత్తరానికి సాగి, అక్టోబరు తరువాత దక్షిణానికి తిరుగుతుంది.

ఉప్పునీరు మంచినీటి కంటె నూటికి రెండున్నర పాళ్ళు బరువైనది. కనుక అదే పడవ, అదే బరువుతో, సముద్రంలో కొంచెం పైకి తేలుతుంది. కొత్తగా వచ్చినవాడికి ఇది శుభశకునంగా తోచవచ్చు. కాని అదే ఉప్పు ఇనుపమేకులను, మోటారును తినివేస్తుంది. ఈ తీరంలో పూర్వం మేకులు లేకుండా, పలకలను కొబ్బరినారతో కుట్టి పడవలు కట్టారు. ఒడ్డున విరిగే అలల దెబ్బకు బిగువైన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది.

వీటన్నింటికంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. నదిలో గాలి ముదిరితే పడవను గట్టుకు తిప్పడం వివేకం. ఆ వివేకమే సముద్రంలో ప్రాణాంతకం కావచ్చు. గాలి ఒడ్డువైపు వీస్తున్నప్పుడు అలలు విరిగేది ఒడ్డు దగ్గరనే, పడవలు బోల్తాపడేది అక్కడనే. అటువంటప్పుడు లంగరు వేసుకుని లోతునీటిలో ఓర్చుకోవడమే మేలు కావచ్చు. తీరాన్ని చూసి దూరంగా ఉండడమన్నది నదిలో పెరిగినవాడి శరీరం అంగీకరించని పాఠం. ఏమీ తెలియనివాడు భయపడి ఎవరినైనా అడుగుతాడు. తెలిసినవాడు అడగడు, అతని చేయి అలవాటు ప్రకారం చుక్కానిని గట్టువైపు తిప్పేస్తుంది. ఈ విషయం పడవలకే పరిమితం కాదని, ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు, ఒక శాఖ నుండి మరొక శాఖకు బదిలీ అయ్యే ఉద్యోగులకు విడమరచి చెప్పనక్కరలేదు. అయితే దస్త్రంలో దొర్లిన పొరపాటును పైఅధికారి దిద్దవచ్చు. మొగలో ఆ అవకాశం లేదు.

తనొక్కడే పడవలో ఉంటే తన ప్రాణం తన ఇష్టమని వాదించవచ్చు. ఆ వాదం కూడా సంపూర్ణం కాదు, ఇంటివారు ఉన్నారు. అంతకు మించి చిన్నపడవలో సైతం వల లాగేవారు, తెడ్డు వేసేవారు ఉంటారు. కళాసీలు యజమాని ముఖం చూసి పడవ ఎక్కుతారు. అతడు ముప్పై ఏళ్ళుగా చేపలు పడుతున్నాడన్న మాటే వారికి హామీ. ఆ ముప్పై ఏళ్ళూ ఏ నీటిలో గడిచాయని అడిగేవాడు అరుదు.

ఈ సందర్భంలో సుప్పారక జాతకం స్మరించదగినది. భరుకచ్ఛ రేవులో ఓడలు నడిపిన సుప్పారకుడు ఉప్పునీటి తాకిడికి రెండు కళ్ళూ పోగొట్టుకుంటాడు. వర్తకులు వచ్చి తమ ఓడను నడపమని కోరినప్పుడు, గుడ్డివాడినైన నేను ఎలా నడపగలనని అతడు ముందుగానే అంటాడు. అయినా మీరే సమర్థులని వారు పట్టుబడతారు. దారి తప్పిన ఓడ వింత సముద్రాలలో చిక్కుకున్నప్పుడు, వర్తకులు చెప్పిన ఆనవాళ్ళను విని అతడు ఒక్కొక్క సముద్రాన్నీ గుర్తిస్తాడు. కథలో అతని పాండిత్యానికే ఎక్కువ పేరు వచ్చింది. కాని నైతికంగా బరువైన ఘట్టం ఓడ కదలకముందే జరిగిపోయింది. తనకు ఏది లేదో అతడు చెప్పాడు, వారు విన్నారు, విని ఎక్కారు. ఆ తరువాతి ప్రమాదం అందరిదీ. చెప్పకుండా ఎక్కించుకుని ఉంటే, ఓడ క్షేమంగా చేరినా అతడు దోషే.

అయితే ఈ కథ జాలరికి పూర్తిగా ఊరట కలిగించేది కాదు. చివరకు ఓడను రక్షించినది సుప్పారకుని సత్యవాక్యం. తెలిసి ఏ ప్రాణినీ చంపలేదన్నదే ఆ వాక్యం. వల పట్టినవాడు ఆ మాట పలకలేడు. అతనికి అందుబాటులో ఉన్న సత్యం చిన్నది: ఇంతవరకే నాకు తెలుసు, దీని అవతల తెలియదు.

అలాగైతే నదివాడు నదిలోనే ఉండరాదా అని అడగవచ్చు. లోపమున్నా స్వధర్మమే మేలన్న గీతావాక్యాన్ని ఈ అర్థంలో వాడుకున్నవారు లేకపోలేదు. ఎవరి నీరు వారిదేనన్న ఆ న్యాయం పొట్ట నిండినవారు చెప్పడానికి బాగుంటుంది. నది యథాతథంగా ఉండి ఉంటే ఆ మాటకు కొంత అర్థముండేది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అదే కట్ట ఎగువకు ఈదే చేపలకు అడ్డమైంది. నీటిని మార్చినది సమాజం, మారకుండా ఉండవలసినవాడు మాత్రం జాలరి అనడం ధర్మం కాదు. చేపలే ఆ హద్దును పాటించవు. సముద్రంలో విలస అని పిలువబడే చేప వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. పండుగప్ప దీనికి విరుద్ధంగా మంచినీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మొగవైపు దిగుతుంది. ఒక నీటి నుండి మరొక నీటికి మారాలంటే వాటి మొప్పలు, మూత్రపిండాలు పనితీరునే మార్చుకోవాలి. ఉప్పూ తీపీ కలిసిన నీరు ఆ మార్పుకు వీలు కల్పిస్తుంది.

నేర్చుకుంటే క్షేమం తప్పదని కూడా చెప్పడానికి లేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో సముద్రమే వృత్తిగా బ్రతికినవారు అనేకులు. తరతరాల అనుభవం వారిని కాపాడలేదు. కనుక నేర్పును ఫలితంతో కొలవడం కుదరదు. బాగా నేర్చి మునిగినవాడూ ఉన్నాడు, ఏమీ నేర్వక అదృష్టం కొద్దీ తిరిగివచ్చినవాడూ ఉన్నాడు. ఇద్దరిలో కళాసీల ముఖం చూడగలిగేది మొదటివాడే. కాని అతడిప్పుడు లేడు.

రాజ్యం నీటి మీద గీతలు గీయగలదు. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు మత్స్యపరిశ్రమను రాష్ట్రాల జాబితాలో ఉంచి, ప్రాదేశిక జలాల ఆవలి వేటను కేంద్రానికి ఒప్పగించింది. 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్రపు వేటను క్రమబద్ధం చేస్తూ చట్టం చేసింది. తీరానికి దగ్గరి నీటిని సంప్రదాయ పడవలకు విడిచిపెట్టడం దాని ఏర్పాట్లలో ఒకటి. ఇవి అవసరమైన గీతలే. కాని నదికీ సముద్రానికీ నడుమ ఉన్న అసలు హద్దు గురించి వీటిలో ఏ గీతా చెప్పదు.

ఆ హద్దును గుర్తించిన రాజ్యం పూర్వం ఒకటి ఉండేది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రచించిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్‌లో, సుప్పారకుని భరుకచ్ఛ రేవు ప్రస్తావనే మళ్ళీ వస్తుంది. నర్మద మొగలోకి ప్రవేశం ప్రమాదకరం కనుక, రాజు కొలువులోని స్థానిక జాలరులు ట్రప్పగ, కోటుంబ అనే పడవలలో ఎదురువెళ్ళి పరదేశపు ఓడలను లోపలికి నడిపించేవారని ఆ గ్రంథం తెలుపుతుంది. పోటు మొదలుకాగానే ఓడలను లాగి, నీరు తీసే వేళకు నిర్ణీత స్థలాలలో ఆపేవారు. మహాసముద్రం దాటి వచ్చిన నావికుడు, తన ఓడ ముందు చిన్నదైన పడవలోని జాలరి మాట విన్నాడు. అందుకు అతడు సిగ్గుపడినట్లు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఆ జాలరుల జీతం రాజు ఖర్చు.

నేడు పడవకు, మోటారుకు, వలకు వెల కట్టవచ్చు, రుణమూ లెక్క వేయవచ్చు. కాని నదివాడిని రెండు మూడు వేటకాలాలపాటు తన పడవలో కూర్చోబెట్టుకుని, ఎప్పుడు మొగ దాటాలో, ఎప్పుడు దాటకుండా ఇసుకమేట వెనుక ఆగాలో చెప్పే సముద్రపు పెద్దకు ఏ పద్దు కింద చెల్లించాలి? ఒడ్డున చేపలు పంచుకునేటప్పుడు పడవకు పాలు ఉన్నది, వలకు పాలు ఉన్నది, తెడ్డు వేసినవాడికి పాలు ఉన్నది. ఆ పెద్దమనిషి పాలు ఎవరి వాటాలో నుండి తీయాలన్నది నదివాడూ కళాసీలూ పడవ నీటిలోకి తోయకముందే మాట్లాడుకోవలసిన విషయం.