కూర్మమూర్తికి కైంకర్యము

శ్రీమన్నారాయణుని అవతారములలో కూర్మావతారమునకు ఒక విశిష్టత కలదు. రామకృష్ణావతారములలో స్వామి ఎల్లరి ఎదుట నిలిచి ధర్మరక్షణము చేసెను. కూర్మరూపమున మాత్రము ఎవరికిని కనిపింపక అడుగున నిలిచెను. క్షీరసాగరమును మథించునపుడు ఆధారము లేక మునిగిపోవుచున్న మందరగిరిని తన వీపుపై మోసెను. అమృతము పైకి వచ్చెను. దానికై దేవదానవులు కలహించిరి. మోసినవాడు నీటిలోనే ఉండెను. భారము మోయువారు తరచుగా కంటికి కనబడరని ఈ అవతారము బోధించుచున్నది.

కూర్మనాథుడు వెలసిన శ్రీకూర్మక్షేత్రమున తాబేళ్ళను ఆలయ ప్రాంగణములోనే పోషించు ఆచారము కలదు. కృష్ణా డెల్టా వాసులకు అట్టి సేవ చేయు భాగ్యము వేరొక విధముగా లభించినది.

విజయవాడ వద్ద ప్రకాశం బారేజిని దాటిన కృష్ణవేణి పులిగడ్డ కడ చీలి, దివిసీమను చుట్టి, హంసలదీవి చెంత సాగరునిలో కలియుచున్నది. అచ్చట శ్రీ వేణుగోపాలస్వామి కొలువై యున్నాడు. ఆ సంగమమున మునిగిన కాకి హంసయైనదని స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు వేలాది భక్తులు పాలకాయతిప్ప తీరమున సముద్రస్నానము చేయుదురు.

ఆ దినములలోనే ఆ తీరమునకు మరొక యాత్రికురాలు వచ్చును. ఆమె ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేలు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు రాత్రివేళ ఒడ్డుకు ప్రాకి వచ్చి, వెనుక కాళ్ళతో ఇసుకలో గుంత త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటు ఇటుగా పెట్టి, ఇసుక కప్పి, మరల సముద్రమున ప్రవేశించును. ఆ గ్రుడ్లను చూచుటకు తిరిగి రాదు. సుమారు 45 నుండి 60 దినములలో ఇసుక వేడికే అవి పొదుగబడును. పిల్లలు ఆడవియో మగవియో నిర్ణయించునది కూడ ఆ వేడియే.

చేప చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను తమ పిల్లలను పెంచునని, గురుకృపకు దృష్టాంతముగా పెద్దలు చెప్పుదురు. తలచుట తల్లి వంతు అయినది. ఆ తలపునకు చేతులైనవారు దివిసీమ జాలరులు. అటవీశాఖ ఏర్పరచిన సంరక్షణ కేంద్రములలో పనిచేయువారు తెల్లవారకమునుపే తీరమంతయు నడచి, కుక్కలు, నక్కలు త్రవ్వకమునుపే గ్రుడ్లను సేకరించి, కంచె కట్టిన చోట ఇసుకలో పాతిపెట్టుదురు. పిల్లలు వెలువడగానే సముద్రమున విడుతురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చి రక్షణ కల్పించినది. అయినను, రాత్రి నిద్ర మాని ఇసుకపై తిరుగు మనుష్యుడు లేనిదే చట్టము గ్రుడ్డును కాపాడజాలదు.

ఈ తాబేలు నీటిలో నివసించినను గాలి పీల్చవలసినదే. వలలో చిక్కి పైకి రాలేనిచో ఊపిరాడక మరణించును. దానిని విడిపించుటకు ఒక్కొక్కప్పుడు వలను కోయవలసి వచ్చును. ఆ నష్టము పేద జాలరిది. మందరగిరి భారము వంటి ఆ భారమును అతడొక్కడే మోయుట న్యాయము కాదు. ఒడ్డున స్నానము చేసి పుణ్యము గోరు యాత్రికునకును అందులో పాలు కలదు.

ఆ పాలు యేది? తాబేలు తన అవయవములను లోనికి ముడుచుకొన్నట్లు ఇంద్రియములను విషయములనుండి మరలించువాడే స్థితప్రజ్ఞుడని గీతాచార్యుడు ఉపదేశించెను. ఆశ్చర్యమేమనగా, సముద్రపు తాబేలు తన తలను గాని కాళ్ళను గాని చిప్పలోనికి ముడుచుకొనజాలదు. నేల తాబేలునకు గల ఆ రక్షణ దానికి లేదు. అది ముడుచుకొనలేదు గనుక దాని తీరమునకు వచ్చిన మనుష్యుడే ముడుచుకొనవలెను.

పిల్లలు చీకటిలో సముద్రముపై మెరయు వెలుగును గుర్తుగా గొని నడచును. ఒడ్డున దీపములున్నచో దారి తప్పి ఊరివైపు పోవును. కావున రాత్రివేళ తీరమున పెద్ద దీపములు వెలిగింపరాదు. ఇసుకపై వాహనములు నడుపరాదు. తాబేలు కనబడినచో దూరముగా, నిశ్శబ్దముగా నిలువవలెను. తినగా మిగిలినవి పారవేసి కుక్కలను తీరమునకు మరపరాదు.

ఈ నియమములు హంసలదీవికి పోవువారికి మాత్రమే కావు. విజయవాడ గృహిణి పూజానిర్మాల్యమును ప్లాస్టిక్ సంచితో సహా కృష్ణలోనో కాలువలోనో విడిచినచో, వరదనాడు బారేజి గేట్లు ఎత్తగా ఆ సంచి సముద్రమునకు చేరవచ్చును. నీటిలో తేలు సంచిని జెల్లీచేపగా భ్రమించి తాబేళ్ళు మ్రింగును. నిర్మాల్యమును చెట్టు మొదట వేయుట వలన పూజకు లోపము రాదు. సంచి నీట పడినచో ఒక ప్రాణమునకు ముప్పు వచ్చును.

జంతువును కాపాడుట భక్తి యెట్లగునని సందేహింప పనిలేదు. చేతనాచేతనములు సమస్తమును భగవంతుని శరీరమని శ్రీ రామానుజులు సిద్ధాంతీకరించిరి. శరీరమునకు హాని చేయుచు శరీరిని అర్చించుట అర్చన కానేరదు. ఆలయమున కూర్మమూర్తికి పుష్పము సమర్పించుట యెట్లో, ఇసుకలోని గ్రుడ్డును త్రొక్కక తప్పుకొనుటయు అట్లే కైంకర్యము.

సంగమమున మునిగిన కాకి హంసయై తిరిగి వెళ్ళెను. మునిగి లేచిన మనుష్యుని నడవడి కూడ మారినపుడే ఆ స్నానము సఫలము. అట్టి సత్ఫలమును శ్రీ వేణుగోపాలస్వామి ఎల్లరకును అనుగ్రహించుగాక!