కుండ వండుచున్నది

కొన్నేండ్ల క్రిందట న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట మూడు మాసములుంటిని. ఆమె ఉదయము ఏడు గంటలకే ఉద్యోగమునకు పోవును. పోవుటకు ముందు వంటింటి గట్టుమీదనున్న యొక పింగాణి పాత్రలో కడిగిన కందిపప్పు, సొరకాయ ముక్కలు, రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు వేసి, నీరుపోసి, గాజుమూత పెట్టి, మీటను సన్నసెగ గుర్తునకు త్రిప్పి వెడలును. ఇంతకును పట్టుకాలము పది నిమిషములు. సాయంకాలము తిరిగివచ్చి, చింతపండు పులుసు పిండి, ఉప్పువేసి, గరిటెలో పోపు పెట్టును. పులుపు ముందే వేసినచో పప్పు ఉడకదని మన యిండ్ల ఆడువారందరును ఎరిగినదే గదా. స్లో కుక్కర్ అని ఆ పాత్రకు పేరు. ఒకనాడు ఆ పప్పు మిక్కిలి కమ్మగా నుండుటచే నేను మెచ్చుకొనగా, ఆమె నవ్వి, "నేను వండలేదు నాన్నా, అదే వండింది" అన్నది.

మాట చిన్నది, కాని వ్యాకరణశాస్త్రపు గాలి యొకింత సోకిన వాని చెవికి ఆ మాట ఊరక పోదు. ఏలనన, క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున పతంజలి తన మహాభాష్యమున సరిగా ఈ ప్రశ్ననే, సరిగా ఈ వస్తువునే ముందిడుకొని విచారించి యున్నాడు. కర్త యనగా స్వతంత్రుడని పాణిని నిర్వచించెను. అట్లయినచో, దేవదత్తుడు వండుచున్నాడు అనుటయే గాక, స్థాలి వండుచున్నది, కట్టెలు వండుచున్నవి అని లోకము పలుకుచుండ, అచేతనములగు కుండకును కట్టెకును స్వాతంత్ర్యమెక్కడిది? పతంజలి దీనికి చెప్పిన సమాధానము నాకు నేటికిని ఆశ్చర్యము గొలుపును. ఆయన వంట యనెడి యొక్క క్రియను మూడు వంటలుగా విడదీసెను. పాత్రను పొయ్యిమీద నెక్కించుట, నీరు పోయుట, బియ్యము వేయుట, కట్టెలు లాగి మంట సవరించుట, ఇది దేవదత్తుని వంట. ఇంత కొలతను తనలో పట్టి నిలుపుకొనుట కుండ వంట. మెతుకు మెత్తబడువరకు మండుచుండుట కట్టెల వంట. ప్రభువు దాపుననున్నప్పుడు మంత్రులు పరతంత్రులై, ప్రభువు దూరమైనప్పుడు స్వతంత్రులై వ్యవహరించునట్లు, వండువాడు దగ్గరనున్నంతవరకు కుండ అస్వతంత్రము. వాడు తొలగినంతనే ఆ కుండయే స్వతంత్రము. మా అమ్మాయి తలుపు తాళమువేసి కారెక్కిన క్షణమునుండి ఆ పింగాణి మంత్రికి పట్టాభిషేకమైనదన్నమాట.

ఇది కేవలము మాటల మర్యాదకు సంబంధించిన చర్చయని తోచవచ్చును. కాని ఇదే ప్రశ్న మరియొక జాతివారి యింట మాటల ప్రశ్నగా నుండక, పాపపుణ్యముల ప్రశ్నయై, ఆకలి ప్రశ్నయై, రెండువేల యేండ్లుగా ప్రతి వారమును పొయ్యిమీదనే నిలిచియున్నది. యూదులకు శుక్రవారము సూర్యుడు గ్రుంకినది మొదలు శనివారము రాత్రి చుక్కలు పొడుచువరకు విశ్రాంతిదినము. ఆ దినమున ఇంట నిప్పు రగిలింపరాదని నిర్గమకాండము శాసించుచున్నది. క్రీస్తుశకము 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా యను ధర్మగ్రంథము ఆనాడు చేయరాని పనులను నలుబదికి ఒకటి తక్కువగా లెక్కించినది, వంట అందులోనిదే. మరి ఆనాడు చల్లని కూడు తినవలసినదేనా? నిప్పు రగిలింపరాదనిరే కాని, ముందే రగిలించిన నిప్పు మండరాదని అనలేదు గదా. ఆ సందులోనుండియే ఒక వంట పుట్టినది. శుక్రవారము పొద్దుండగనే మాంసము, చిక్కుడుజాతి గింజలు, యవలు, బంగాళాదుంపలు ఒక బానలో కూర్చి, సన్నని సెగమీద వదలివేయుదురు. అది రాత్రియెల్ల తనంత తానే ఉడికి, మరునాడు ప్రార్థనానంతరము వెచ్చగా వడ్డనకు వచ్చును. తూర్పు ఐరోపాలో దానికి చోలెంట్ అని పేరు. స్పెయిను దేశపు యూదుల అడఫీన పేరునకు అరబ్బీలో పాతిపెట్టబడినదని అర్థము. వేడి యను నర్థము వచ్చు హమీన్ అనునది మరొక పేరు.

అయితే ఇది అంత సులభముగా నెగ్గిన వాదము కాదు. మిష్నాలో షమ్మాయి, హిల్లేలు అను ఇరువురు గురువుల శిష్యులకు ఈ విషయమున జరిగిన వివాదము కలదు. సిరా దినుసులు శుక్రవారము నీట నానవేయవచ్చునా, పక్షులకు చేపలకు వలపన్ని వదలవచ్చునా అని ప్రశ్న. పొద్దుండగనే దినుసు నానిపోవలెను, పొద్దుండగనే చేప చిక్కవలెను, లేనిచో చేయరాదని షమ్మాయి పక్షము. పన్నిన చేయి విరమించినచో చాలును, వల తన పని తాను చేసికొనవచ్చునని హిల్లేలు పక్షము. షమ్మాయి వారి హృదయమేమని మిష్నాపై వ్యాఖ్యానమగు తల్మూదు విచారించి, వారి మతమున మనుష్యునకే గాక వాని పనిముట్లకును విశ్రాంతి విధియైనదని తేల్చినది. పాత్రకు కూడ సెలవా యని నవ్వువారు నవ్వవచ్చును గాని, ఆ పక్షమును నేనంత తేలికగా త్రోసిపుచ్చజాలను. దసరా దినములలో ఆయుధములకు పసుపుకుంకుమలు పెట్టి పనినుండి తప్పించు జాతివారమగు మనము నవ్వుట మరింత తగదు. ఏమైనను లోకమున నిలిచినది హిల్లేలు మతమే. అనగా, పతంజలి చెప్పిన మూడు వంటలలో దేవదత్తుని వంట సూర్యాస్తమయమునకు ముందే ముగియవలెను. కుండ వంటయు కట్టెల వంటయు రాత్రియెల్ల సాగవచ్చును. ఒకరినొకరు ఎరుగని ఇరువురు శాస్త్రకారులు ఒకే కుండను ఒకేచోట కోసిరి.

ఇందులో ఇంకొక సూక్ష్మమున్నది. నా కన్నింటికంటె రుచించినది అదియే. గడ్డితో వేడిచేసిన పొయ్యిమీద పాత్రను వదలవచ్చునట. కట్టెలతో వేడిచేసినదైనచో నిప్పులు తీసివేసిన పిదపనో, బూడిద కప్పిన పిదపనో మాత్రమే వదలవలెనట. గడ్డినిప్పు త్వరగా ఆరిపోవును, దానిని ఎగదోయుటకేమియు మిగులదు. కట్టెనిప్పు కణకణలాడుచుండును, ఎదుట కూర్చున్న మనుష్యుడు, అన్నము త్వరగా కావలెనను తొందరలో, అది విశ్రాంతిదినమని మరచి, ఒక పుల్లతో ఆ నిప్పును ఎగదోయునేమో! ధర్మవేత్తల భయము నిప్పునుగూర్చి కాదు, చేతినిగూర్చి. పతంజలి దేవదత్తుని పనులలో కడపటిదిగా చెప్పిన కట్టెలు లాగుట ఏది కలదో, సరిగా దానినే వారు కాపలా కాచిరి. పొయ్యిపై బూడిద కప్పుట ఉడుకు తగ్గించుటకు కాదు, మనసు తగ్గించుటకు. స్లో కుక్కరుతో వచ్చు చిన్న పుస్తకములో సైతము మాటిమాటికి మూతతీసి చూడవద్దని వ్రాసియుండును. తీసినప్పుడెల్ల లోని వేడి పోయి, మరి పదునైదు ఇరువది నిమిషములు అదనముగా పట్టునట. ఆ పుస్తకము చెప్పినది విద్యుత్తు లెక్క, ధర్మవేత్తలు చెప్పినది ధర్మపు లెక్క. రెండింటికిని గురి ఒకటే చేయి.

బూడిద మాట వచ్చినది కావున మన దాలిని తలచుకొనకుండ సాగలేను. మా నాయనమ్మ పెరటి పంచలో దాలిగుంట యుండెడిది. ప్రొద్దుననే పిడకలు పేర్చి, రాజేసి, పైన బూడిద చల్లి, పాలకుండ నందులో దించెడిది. మధ్యాహ్నము దాటువరకు ఆ కుండజోలికి ఎవ్వరును పోరాదు. పాలు పొంగవు, మాడవు. మెల్లమెల్లగా ఎర్రబారి, అరచేతి మందమున మీగడ కట్టును. ఆ మీగడకై పిల్లలము చుట్టును తిరుగుచుండ ఆమె కసరెడి కసురు నేటికిని చెవులలో నున్నది. అయితే ఒక భేదము చెప్పవలెను. తూర్పు ఐరోపాలోని విల్నా నగరపు యూదుల ఇల్లాలు కుండ నప్పగించినది తాను విశ్రమించుటకు. మా నాయనమ్మ కుండను దాలి కప్పగించినది తాను వడ్లు దంచుటకు. వంట తనంత తానగుచున్నంత మాత్రమున వండువారికి తీరిక దొరకినట్లు కాదు. ఇక హైదరాబాదు హలీము సంగతి వేరు. గోధుమలు, మాంసము, గంటల తరబడి సన్నసెగ, అన్నియు చోలెంటునకు దగ్గరి చుట్టములే. కాని అక్కడ దేవదత్తుడు కుండను వదలడు, పెద్ద కఱ్ఱతెడ్డుతో మెదిపి మెదిపి ఇరువురు ముగ్గురు చెమటలు గ్రక్కుదురు. నెమ్మది యున్నది, విరామము లేదు.

మరి ఆ వేడి కూటికై యూదులు ఇంత ఏల పట్టుబట్టిరి? ఎనిమిదవ శతాబ్దమున బాగ్దాదు ప్రాంతమున తలయెత్తిన యొక ఉద్యమమునుండి పెరిగిన కరాయితులు మూలగ్రంథము నొకదానినే ప్రమాణముగా గొని, విశ్రాంతిదినమున ఇంట నిప్పే యుండరాదని, చీకటిలో కూర్చుండి చల్లని భోజనము చేసిరి. దానికి ప్రతిగా, పెద్దల వ్యాఖ్యానపరంపరను నమ్మినవారికి ఆ వేడి కూడు మతచిహ్నమైనది. పండ్రెండవ శతాబ్దపు ధర్మవేత్త జెరాహియా హలేవి, ఆనాడు వేడి భోజనము తినని వానిని పాషండుడేమోయని శంకింపవలెనని వ్రాసెను. ఇదే అడఫీన స్పెయినులో ఇంక్విజిషను వారి యెదుట, పైకి క్రైస్తవులై లోలోపల యూదులై యున్నవారిని పట్టియిచ్చు సాక్ష్యమైనది. ఒక కూర పరిమళము న్యాయస్థానమున నేరముగా నిలిచిన సందర్భములు చరిత్రలో అనేకములుండవు.

ఇక చేయి విడిచిన పిదప పని యెట్లు సాగునను ప్రశ్నకు వత్తును. మన మీమాంసకులు యాగమునకును స్వర్గమునకును నడుమ అపూర్వమను నొక అదృశ్యశక్తిని అంగీకరించిరి. యాగము నేడే ముగియును. ఫలము ఎన్నడో కలుగును. ముగిసిన క్రియ ముందెన్నడో కలుగబోవు ఫలము నెట్లిచ్చును? నడుమ ఏదియో యొకటి నిలిచియుండవలెను గదా యని వారి తర్కము. శుక్రవారపు సాయంకాలమునకును శనివారపు మధ్యాహ్నమునకును నడుమ, బూడిద క్రింద కనబడక నిలిచిన నిప్పును చూచిన యెడల, ఈ సిద్ధాంతము బోధించుటకు మరియొక దృష్టాంతము వెదకనక్కరలేదు. గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు హేతువులు చెప్పి, కర్తను అందులో ఒక్కటిగా మాత్రమే లెక్కించి, ఐదవది దైవమని ముగించెను. వండి వదలినవానికి ఆ ఐదవది నిద్రలో గుర్తువచ్చుచునే యుండును.

ఆ విల్నా నగరమునుండియే మా అమ్మాయి పాత్రకు వంశవృక్షము మొదలగుచున్నది. అక్కడ శుక్రవారము సాయంకాలము పిల్లలు చోలెంట్ కుండలను రొట్టెలవాని పొయ్యికి మోసికొనిపోయెడివారు. రొట్టెలు కాల్చుట ముగిసిన ఆ పెద్దపొయ్యి రాత్రియెల్ల చల్లారుచు, వీధివారి కుండలన్నియు నొకేసారి వండిపెట్టెడిది. ఆ కథను ఇంటి పెద్దల నోట విన్న ఇర్వింగ్ నాక్సన్ అను అమెరికా ఇంజనీరు, కుండచుట్టును విద్యుత్తు తీగ యమర్చి, 1936లో పేటెంటునకు దరఖాస్తు పెట్టి 1940లో పొందెను. 1970లో ఆయన వ్యాపారమును రైవల్ అను సంస్థ కొని, మరుసటి యేడు క్రాక్‌పాట్ అను పేర విపణిలోనికి దించినది. ఆడువారు పెద్దసంఖ్యలో ఉద్యోగములకు వెళ్లుచున్న కాలమది. ఇల్లాలు దినమంతయు ఇంట లేకున్నను వంట ఆగదని ప్రకటనలు. ఇక్కడ నాకు కొంచెము బాధ. విశ్రాంతికై పుట్టిన కుండ పనికై అమ్ముడుపోయినది. విల్నా ఇల్లాలికి శుక్రవారము వెన్ను విరిగినను, ఆ సాయంకాలమున ఆమె చేతికి సూర్యాస్తమయము గోడగా నిలిచెడిది. మా అమ్మాయి యంత్రమునకు గడియారము కలదు, అస్తమయము లేదు. పోనీ, ఆ యంత్రము పుట్టింటివారి వాడుకకైన సంశయము లేకుండ నిలిచినదా యనిన, అదియు లేదు. వేడిచుట్టులో కుండ పూర్తిగా దిగబడియుండుట విశ్రాంతిదినపు నియమమునకు ఒప్పునా కాదా యని వారి పండితులు వాదించుకొనుచునే యున్నారు. కొందరు లోని కుండను రేకు ఉండలపై కొంచెమెత్తి పెట్టి ఆ చిక్కు తీర్చుకొందురు.

నెమ్మదిని గుణముగా పొగడువారికి ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. ఎఱ్ఱని రాజ్మాగింజలను పచ్చివిగా ఆ పాత్రలో వేసి సన్నసెగమీద వదలరాదు. ఆ గింజలలో నొక విషపదార్థమున్నది. గట్టిగా మరగినప్పుడే అది నశించును. 80 డిగ్రీల అరవేడిలో నశించుటకు మారుగా, పచ్చిగింజకన్న ఎక్కువ హాని చేయును. ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరు నీటిలో కనీసము పది నిమిషములు, నిశ్చింతకు ముప్పది నిమిషములు, తెర్లునట్లు మరగించిన పిదపనే అందులో వేయవలెను. అనగా కొన్ని వస్తువులయెడ దేవదత్తుడు మొదట కొంతసేపు మంట దగ్గర నిలువక తప్పదు. కడపట కూడ అంతే: ఆ సెగకు ఆవాలు చిటపటలాడవు, ఇంగువ విచ్చుకొనదు, పోపునకు మరల మనిషి చేయి రావలెను.

నేను తిరుగు ప్రయాణమునకు సిద్ధమగుచున్న వారములో ఒకనాడు ఆ పప్పులో ఉప్పు బొత్తిగా లేదు. నేనేమియు అనకమునుపే ముద్ద నోట బెట్టుకొనిన మా అమ్మాయి నాలుక కరచుకొని, "అయ్యో, నేనే మరిచిపోయాను నాన్నా" అని ఉప్పుడబ్బా తెచ్చుటకు లేచినది.