శ్రీని కల

పొద్దున్నే ఈ వేళకు చెల్పూర్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు చాయ్ తాగుతుంటారు. ఇంటికి పోయి కన్ను మూసే ముందు ఒక్క పాట వినండి. 2023లో 'శక్తి' బృందం తెచ్చిన 'దిస్ మూమెంట్' ఆల్బమ్‌లో మొదటిది, 'శ్రీనీస్ డ్రీమ్'.

ఆ శ్రీని మనవాడే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. నాన్న క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. గమకం అంత చక్కగా రావడానికి అదే కారణమని నా నమ్మకం, అది గొంతు నుంచి నేర్చిన వాద్యం. ఈ 'శక్తి' బృందపు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ శ్రీనివాస్‌ను తన బృందంలో చేర్చుకున్నారు. 2014లో, 45 ఏళ్లకే, శ్రీనివాస్ కన్నుమూశారు.

'దిస్ మూమెంట్' ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే అందులో తబలా వాయించిన జాకిర్ హుస్సేన్ కూడా పోయారు. ఈ ఆల్బమ్‌లో 'మోహనం' అనే పాట కూడా ఉంది, మన మోహన రాగం పేరే. జాజ్ కొత్త అనిపిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత 1995 నాటి శ్రీనివాస్ ఆల్బమ్ 'డ్రీమ్' వెతకండి, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసినది. ఫోను చిన్న స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వినండి.