గది ఎక్కడ తీసుకోవాలి?

"మౌలానా సాబ్! ఆఫీసు మాదాపూర్‌లో. అక్కడే హాస్టల్‌లో ఉండనా, మనవాళ్ళుండే టోలిచౌకిలో గది తీసుకోనా?" అని ఓ యువకుడు అడిగాడు.

టోలిచౌకి అనబోయి ఆగాను. మదీనా శివారులోని బనూ సలిమా తెగవారు మస్జిదె నబవీ చెంతకు తరలి రావాలనుకున్నారు. దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటే ఉండమన్నారు. మస్జిద్‌కు వేసే ప్రతి అడుగూ నమోదవుతుందన్నారు. శివారు ఖాళీ కావటం ఆయనకు ఇష్టం లేదు.

కనుక దూరం ఒక్కటే కొలబద్ద కాదు. ఒంటరి యువకునికి అసలు పరీక్ష రాత్రి పది దాటాక మొదలవుతుంది. గదిలోని సహచరులు ఫజ్ర్‌కు లేపేవారా, ఫజ్ర్ దాకా కబుర్లతో కూర్చోబెట్టేవారా? ముందు అది విచారించమన్నాను. అద్దె ఎలాగూ అందరూ విచారిస్తారు.

"పక్క గదిలో హిందువులుంటే?"

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు ఆయన అడిగిన మాట చెప్పాను: మన యూదు పొరుగింటికి పంపారా?