పుట్టుకతోనే పౌరుడు



వాన తప్పిన యేట రాప్తాడు చుట్టుపట్ల వేరుసెనగ చేలు ఎండిపోగా, ఆలుమగలు మూట కట్టుకొని బెంగుళూరికి కూలికి పోవుట మీరెరుగనిది కాదు. అక్కడ కట్టుచున్న మేడ ప్రక్క రేకుల గుడిసెలో బిడ్డ పుట్టినను, ఆ బిడ్డ ఈ దేశపు బిడ్డయే. నీవెవరి దేశమువాడవని ఎవరును అడుగరు. అయితే సముద్రము దాటిపోయిన మన తెలుగువారి యిండ్లలో 2025లో ఈ ప్రశ్నయే లేచినది.

అమెరికా రాజ్యాంగమునకు 1868లో చేర్చిన 14వ సవరణ, ఆ నేలమీద పుట్టి ఆ దేశాధికారమునకు లోబడినవారు పౌరులని చెప్పుచున్నది. బానిసలైన నల్లవారి సంతతి పౌరులు కానేరరని 1857లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తుడిచివేయుటకే అది వచ్చినది. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనా తలిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అను వంటవాడు, చీనా పోయి 1895లో తిరిగిరాగా అధికారులు దేశములోనికి రానియ్యలేదు. చీనావారు ఎన్ని యేండ్లున్నను అక్కడ పౌరులు కాజాలని కాలమది. అయినను 1898లో ఆ కోర్టే అతడు పుట్టుకచేత పౌరుడని తేల్చెను.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ వేరొక ఆజ్ఞ ఇచ్చెను. తల్లి చట్టవిరుద్ధముగా గాని తాత్కాలిక అనుమతితో గాని అక్కడ నుండి, తండ్రి పౌరుడైనను శాశ్వత నివాసియైనను కానియెడల, బిడ్డకు పౌరసత్వము లేదట. హెచ్-1బి వీసాపై పనిచేయు మనవారనేకులు ఇందులో పడుదురు. క్రింది కోర్టులు దానిని ఆపినవి. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు వివాదమును విచారణకు చేపట్టెను. పోరంతయు "లోబడిన" అను ఒక్క మాటమీదనే. కొంతకాలముండి పోవువాని విధేయత స్వదేశమునకే యని ఒకరు. అక్కడ దొంగిలించినవానిని అక్కడి జైలులోనే వేయుదురు గదా, వాడు లోబడనివాడెట్లగునని మరియొకరు. ఈ రెండవ మాటయే నాకు సబబుగా తోచుచున్నది. దేశము తన గడప కాచుకొనవచ్చును, కాదనను. గాని బిడ్డ ఏ గడపయు దాటి రాలేదు.

ఇక మన యిల్లు చూచుకొందము. మన 1955 పౌరసత్వ చట్టము మొదట, రాయబారుల బిడ్డలు మొదలగు కొందరు తప్ప, ఇండియాలో పుట్టినవారినందరిని పౌరులుగా ఎంచెను. 1987 జూలై 1 మొదలు పుట్టినవారికి తలిదండ్రులలో ఒకరైనను పౌరులు కావలెననిరి. 2004 డిసెంబరు 3 మొదలు, ఆ రెండవవారు అక్రమముగా వచ్చినవారై యుండరాదనిరి. అమెరికాలో మన మనుమని కొరకు కలతపడు మనము, ఇక్కడి పరదేశి బిడ్డ కొరకు ఎన్నడైన నోరు తెరచితిమా? నేను తెరువలేదు.

యెరూషలేములో పౌలును కొరడాలతో విమర్శింపజూచిన సహస్రాధిపతి, తన రోమా పౌరసత్వమును ఎంతో సొమ్ము పోసి కొనినవాడు. పౌలునకది పుట్టుకతో వచ్చినది, సంపాదించినది కాదు. అయినను ఆ దినమున అతని వీపును కాచినది అదే. తార్సువాడైన అతని తండ్రి రోమీయుడెట్లాయెనో లేఖనము చెప్పదు. ఆ సహస్రాధిపతియు అడుగలేదు.