పేరునకు వెల యెంత?

వస్తువునకు వెల గట్టుట వర్తకుని స్వాతంత్ర్యము; ఆ వెల నిచ్చుటయో మానుటయో కొనువాని స్వాతంత్ర్యము. ఇట్లుండగా నడుమ ధర్మాధర్మవిచారమునకు దావెక్కడ నని కొందఱందురు. ఇరువురి యెఱుకయు సమానమైనచో నీ మాట నిజమే. కాని యొకనికి దెలిసిన సంగతి రెండవవానికి దెలియకుండ దాచబడినపుడు, కొనువాని స్వాతంత్ర్యము మాటకు మాత్రమే మిగులును. నేటి గృహములలో బ్రవేశించిన యొక విలాసవస్తువు నాధారముగా గొని యీ విషయమును విచారింప దలచినాము.

ఇంటనే చలనచిత్రములను జూచుటకై కలిగినవారు పెద్ద తెరను, స్పీకర్లను, బ్లూరే డిస్కులను నడపు యంత్రమును సమకూర్చుకొని, దానిని హోం థియేటరని పిలుతురు. ఈ యంత్రము లన్నియు వానిపై గనబడు పేరుగల సంస్థవారే చేసినవి కావు. ఒకరు చేసిన యంత్రమును మఱియొకరు కొని, పైపెట్టెను మార్చి, తమ పేరు చెక్కి, హెచ్చు వెలకు విక్రయించుట యీ వ్యాపారమున గలదు. 2010వ సంవత్సరమున నిట్టిదొకటి బయటపడెను. హర్మన్ సంస్థకు జేరిన లెక్సికాన్ వారు బీడీ-30 అను బ్లూరే యంత్రమును సుమారు 3,500 డాలర్లకు విక్రయించుచుండిరి. ఆడియోహాలిక్స్ అను అమెరికా పత్రికవారు దాని మూత తెఱచి చూడగా, ఆప్పో డిజిటల్ వారి బీడీపీ-83 యంత్రము తన చట్రముతోగూడ లోపల నమర్పబడి యుండెను. దాని వెల సుమారు 500 డాలర్లు. కొలిచి చూచినను రెంటికి జెప్పదగిన భేదము కానరాలేదని యా పత్రిక ప్రకటించెను. లెక్సికాన్ యంత్రమునకు టీహెచ్ఎక్స్ వారి యోగ్యతాముద్ర గలదు. ఆప్పో యంత్రమునకు లేదు. లోపలి సరకొక్కటే యైనపుడు ముద్ర లేనిది ముద్ర గలదానికంటె నేవిధమున దక్కువ?

ఇందు దోషమేమి, నగ కొనునపుడు బంగారము వెలకు మించి మజూరి యియ్యమా, గ్రంథము కొనునపుడు కాగితము తూకమునకే వెల యిత్తుమా యని యడుగవచ్చును. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. మంచిపేరు వట్టి యక్షరములు గావు. అది యొక హామీ. పరుల యంత్రములలో మేలైనదానిని బరీక్షించి యెన్నుకొని, లోపములను దిద్ది, గదికి దగినట్లమర్చి, చెడినపుడు బాగుచేయుటకు నిలిచియుండు వర్తకుడు తన శ్రమకు ప్రతిఫలము గోరుట న్యాయమే. కాని నగల చీటీలో బంగారము తూక మొకచోట, మజూరి యొకచోట వ్రాయబడును. మన దేశమున 2021లో కొన్ని జిల్లాలతో మొదలిడి బంగారు నగలకు హాల్‌మార్కు నిర్బంధమైనది. ఆ ముద్ర లోపలి సంగతిని వెల్లడించును. పెట్టెపై జెక్కిన యీ పేరో, లోపలి సంగతిని గప్పిపుచ్చును. రెండును ముద్రలే, ఒకటి సాక్షి, రెండవది తెర.

ఇంకొక సంగతి గలదు. డిస్కుపై జిత్రమును ధ్వనియు నంకెల రూపమున నుండును. యంత్రము వానిని దప్పులేక చదివి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా నందించినచో, దాని పని ముగిసినది. ఒక పెట్టెలో సరిగా జదువబడిన యంకె ఖరీదైన పెట్టెలో మఱింత సరియైనది కానేరదు. స్పీకర్లలో భేదము గలదు. గది గోడలలో, తెరలో భేదము గలదు. పై రెండు యంత్రముల నడుమనున్న 3,000 డాలర్లను స్పీకర్లకు వెచ్చించినవాడు చెవికి మేలు చేసికొనును. పేరునకు వెచ్చించినవాడు పొరుగువాని కంటికి విందు చేయును.

ఈ దోషమున గొనువారికిని భాగము గలదు. వెల హెచ్చైనదే శ్రేష్ఠమని నమ్ము బుద్ధి మనకు గ్రొత్త గాదు. పెండ్లిలో నెంత వెచ్చించిన నంత గౌరవమని తలచి ఋణములపాలైన కుటుంబముల నెఱుగనివా రెవ్వరు? ఆ బుద్ధియే నేడు యంత్రముల యంగడిలో వేషము మార్చి నిలిచినది. అయినను గొనువాని యాడంబరము అమ్మువాని కపటమునకు సమాధానము కానేరదు. ఒకడు మోసపోవ సిద్ధముగా నున్నాడన్నంతమాత్రమున వానిని మోసగించుట ధర్మమగునా?

కాబట్టి వెల హెచ్చా తగ్గా యనుట ముఖ్యప్రశ్న కాదు. వర్తకుడు మూత తెఱచి, “ఇది ఫలానివారి యంత్రము, దీనికి మేము చేర్చిన దిది, మేము చేయు సంరక్షణ యిది” యని చెప్పి, అదే వెల నడుగగలడా? అడుగగలిగినచో వెల యేడింత లైనను దోషము లేదు. ఇష్టమున్నవారు కొందురు, లేనివారు మానుదురు. అడుగజాలనిచో నా రహస్యమువలన వచ్చిన లాభ మొక్క రూపాయి యైనను అన్యాయార్జితమే. గృహస్థులు, గృహిణులు ధనము చెల్లించుటకు ముందు దీనిని జేసినవారెవరు, మీరు చేర్చినదేమి, చెడినపుడు బాగుచేయువారెవరు అని యడుగుట నేర్వవలెను. ఈ మూడు ప్రశ్నలకు సూటిగా బదులు చెప్పువాని పేరునకే వెల గలదు.