జరగని అరుగుదలకు సాక్ష్యం

వడ్లమూడి క్వారీలో కంకర ఎత్తుకునే టిప్పర్లు, సంగం డెయిరీకి వచ్చిపోయే పాల ట్యాంకర్లు, విజ్ఞాన్ యూనివర్సిటీ విద్యార్థుల బైకులు అన్నీ కలిసేది గుంటూరు–తెనాలి రోడ్డు మీదే. ఈ బళ్ళన్నిటికీ ఆయిల్ మార్చాలి. మార్చే చోట ఒక మాట తరచూ వినబడుతుంది: ఇంజిన్ ఆపగానే మామూలు ఆయిల్ కిందికి కారిపోతుందట, ఫలానా ఆయిల్ మాత్రం భాగాలను అంటిపెట్టుకునే ఉంటుందట, పొద్దున స్టార్ట్ చేసిన తొలి క్షణం నుంచే అరగకుండా కాపాడుతుందట. ఈ కోవలో అందరికీ తెలిసిన పేరు కాస్ట్రాల్ మాగ్నటెక్. ఇంజిన్ అరుగుదలలో 75 శాతం దాకా వేడెక్కే లోపే జరుగుతుందని దాని ప్రకటనలు చెబుతూ వచ్చాయి. చూడటానికిది మెకానిక్ తేల్చాల్సిన సంగతిలా ఉంటుంది. నిజానికి దీని అడుగున ఉన్నది దార్శనికులు చాలాకాలం తన్నుకున్న ప్రశ్నే. జరగని నష్టాన్ని ఫలానాదే ఆపిందని మనకెలా తెలుస్తుంది?

ముందు ఆ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. నూనె లోహాన్ని పట్టుకుంటుంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి పూస్తే బండి కిర్రుమనకుండా నడిచేది. చాలా నూనెల కంటే ఆముదానికి ఈ పట్టు ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజిన్ల విమానాలు ఆముదంతోనే ఎగిరాయి, 1909లో వచ్చిన కాస్ట్రాల్ పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచే పుట్టింది. దీని వెనక ఉన్న కారణాన్ని విలియం బేట్ హార్డీ వంటి శాస్త్రజ్ఞులు 1920లలో తేల్చారు: కొన్ని నూనెల అణువులకు ఒక చివర లోహాన్ని పట్టుకునే గుణం ఉంటుంది. అవి ఉపరితలం మీద బారుగా నిలబడి పల్చని పొరగా ఏర్పడతాయి. ఆ పొర మందం ఎంతంటే, మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత. ఇదొక్కటే కాదు. కొన్ని దశాబ్దాలుగా మామూలు ఇంజిన్ ఆయిళ్ళు దాదాపు అన్నిటిలోనూ జింకు, గంధకం, భాస్వరం ఉన్న ఒక మందు కలుస్తోంది. రాపిడి పడే చోట అది లోహం మీద తనంతట తానే గట్టి పొర కడుతుంది. రాత్రంతా ఆగిన బండి ట్యాపెట్ కవర్ పొద్దున్నే విప్పి, కేమ్ షాఫ్ట్ మీద వేలు పెట్టి రాస్తే వేలికి ఆయిల్ అంటుతుంది. డబ్బా మీద అంటుకుంటుందని రాసి ఉన్నా అంటుతుంది, రాసి లేకపోయినా అంటుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రకటనలో రెండు వాక్యాలుంటాయి, మనకు ఒకటే వినబడుతుంది. ఆయిల్ అంటుకుంటుంది అన్నది మొదటిది. అందువల్ల మీ ఇంజిన్ మామూలు ఆయిల్ పోసిన ఇంజిన్ కంటే ఎక్కువకాలం మన్నుతుంది అన్నది రెండోది. మొదటిదానికి ప్రయోగశాల సాక్ష్యం ఉంది. రెండోది దాని భుజమెక్కి వస్తుంది. తర్కం నేర్చినవాళ్ళు ఇలాంటి చోట అన్వయ వ్యతిరేకాలు రెండూ అడుగుతారు. ఆ ఆయిల్ ఉన్నచోట మన్నిక ఉంది సరే, లేనిచోట లేకుండా పోయిందా? లక్ష కిలోమీటర్లు తిరిగినా ఇంజిన్ బోరుకు రాలేదని ఒక యజమాని సంతోషంగా చెబితే అది అన్వయం మాత్రమే. పక్క బండిలో కంపెనీ చెప్పిన మామూలు గ్రేడు పోసి, వేళకు మార్చుకున్న యజమానీ అదే మాట చెబుతున్నాడు. ఎక్కువ డబ్బు పెట్టి ఆయిల్ కొనేవాడు సాధారణంగా బండిని శుభ్రంగా చూసుకునేవాడే అయి ఉంటాడు, గడువు దాటనివ్వడు, ఎయిర్ ఫిల్టర్ పట్టించుకుంటాడు. మన్నిక ఆ శ్రద్ధది, పేరు ఆయిల్‌ది. నైయాయికులు ఉపాధి అన్నది ఇలాంటి చాటు కారణాన్నే.

ఈ వాదం చట్టపరమైన ఫిర్యాదు దాకా వెళ్ళిన సందర్భమూ ఉంది. 1990లలో అమెరికాలో స్లిక్ 50 అనే మందు విపరీతంగా అమ్ముడుపోయింది. ఇంజిన్ లోహానికి అంటుకుపోతుందని, అది లేకుండా స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇంజిన్‌కు రక్షణ లేనట్టేనని దాని ప్రచారం. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఫిర్యాదు వేసింది. యజమాని పుస్తకంలో చెప్పిన ఆయిల్ వాడే ఇంజిన్లలో ఎక్కువ భాగానికి స్టార్ట్ అయ్యేటప్పుడు తగినంత రక్షణ ముందే ఉందన్నది కమిషన్ వాదన. అరుగుదల వల్ల ముందుగానే చెడిపోయే ఇంజిన్లు, ఆ మందు పోసినా పోయకపోయినా, అరుదేనని కూడా అన్నది. 1997లో ఒప్పందం కుదిరింది, కొన్నవాళ్ళకు కనీసం కోటి డాలర్ల మేర పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. స్లిక్ 50 ఆయిల్‌లో కలిపే మందు, మాగ్నటెక్ పూర్తి ఆయిల్. ఒకదాని ఫలితం రెండోదానికి అంటగట్టడం అన్యాయం. మాగ్నటెక్ ప్రమాణాలకు తూగే మంచి ఆయిలే. నేను తీసుకుంటున్నది ఆ ఫలితాన్ని కాదు, కమిషన్ అడిగిన ప్రశ్నను: కాపాడామంటున్నారు, మీరు లేకపోతే నిజంగా పోయేదేమిటి?

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఏడో శతాబ్దంలో ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చాడు. అతనికి గురుపరంపరలో పెద్దవాడైన దిఙ్నాగుడు ఆంధ్రదేశపు కొండ మీద కూర్చుని హేతుశాస్త్రం రాశాడని చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ నమోదు చేశాడు కాబట్టి, ఈ ఆలోచన మనకు మరీ దూరపుదేమీ కాదు. కనబడకపోవడం లేకపోవడానికి రుజువవుతుందా అంటే, ఉంటే కనబడి తీరాల్సిన వస్తువు విషయంలోనే అవుతుందన్నాడు ధర్మకీర్తి. బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. కంటికి అందనిది కనబడలేదని లేదనకూడదు. స్టార్ట్ చేసిన తొలి రెండు మూడు సెకన్లలో జరిగే అరుగుదల రెండో రకం. డ్రైవర్ చెవికి వినబడదు, చేతికి తెలియదు. అందుకే ఏ శబ్దమూ లేదు, స్మూత్‌గా ఉంది అన్న అనుభవం ఇటు గానీ అటు గానీ ప్రమాణం కాదు. ప్రమాణం కావాలంటే అందనిదాన్ని అందేలా చెయ్యాలి. వాడిన ఆయిల్‌ను పరీక్షకు పంపితే అందులో చేరిన ఇనుము పది లక్షల్లో ఎన్ని వంతులో చెబుతారు. ఒకే మోడల్, ఒకే రూటు, ఒకే డ్యూటీ ఉన్న పాల వ్యాన్లను రెండు జట్లు చేసి, ఒకే గ్రేడులో రెండు రకాల ఆయిళ్ళు పోసి, ఏడాది పొడవునా ఆ అంకెలు పోల్చితే మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. మనవైపు చలికాలం తెల్లవారుజామున కూడా ఆయిల్ చిక్కబడి పారనంత చలి ఉండదు. చలిదేశాల లెక్కలను దించుకుని ఇక్కడి బళ్ళకు వర్తింపజేసేముందు ఆ పరీక్ష మరీ అవసరం.

శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవాడి మాట, దాని సంగతేమిటని అడగవచ్చు. అన్నీ మనమే పరీక్షించుకోలేం కదా, కంపెనీకి ప్రయోగశాలలున్నాయి, మెకానిక్‌కు ముప్పై ఏళ్ళ అనుభవముంది, వాళ్ళ మాట వినకూడదా? వినాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడన్నారు. ఆ లక్షణం ఋషికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో స్పష్టంగా అన్నాడు కూడా. కనుక చెప్పేది విదేశీ కంపెనీ అని కొట్టేయడానికి లేదు. అలాగని శాస్త్రం అన్నది కదా అని ఒప్పేయడానికీ లేదు. జిడ్డుగుణం నీటికి మాత్రమే ఉంటుందని, నూనెలో కనబడేది కూడా అందులోని నీటి అంశానిదేనని సమర్థించింది ఆ తార్కికులే! ఆప్తుణ్ణి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది, మాట తప్పయితే నష్టం ఎవరికి అన్నది. డబ్బా మీది నినాదం తప్పయితే సాధారణంగా కంపెనీకి పోయేది పెద్దగా ఉండదు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన 10 డబ్ల్యు 30 వంటి గ్రేడు తప్పయితే, ఇంజిన్ పోయినప్పుడు వారంటీ కింద చేతి డబ్బు పెట్టుకోవాల్సింది ఆ బండి తయారుచేసినవాళ్ళే. నా దృష్టిలో ఆ పుస్తకమే మెరుగైన ఆప్తవాక్యం.

ఇంకో ఆక్షేపణ కాస్త బరువైనది. ఆయుధపూజ నాడు చక్రం కింద నిమ్మకాయ పెడతాం, టిప్పర్‌కు నల్లతాడు కడతాం, వడ్లమూడి క్వారీ బాలకోటేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని లోడు ఎత్తుతాం. వాటికి అన్వయ వ్యతిరేకాలు అడగనివాళ్ళం ఆయిల్‌కు మాత్రం ఎందుకు అడగాలి? అడిగితే రెంటినీ అడగాలి, వదిలితే రెంటినీ వదలాలి అన్నది ఈ వాదం. నేను ఒప్పుకోను. నిమ్మకాయ పెట్టినవాడు పక్కవాడి నిమ్మకాయ కంటే నాది ఇన్ని శాతం మేలని అనడు. పెట్టాక బ్రేకులు చూసుకోవడం మానడు. తన చేతిలో లేనిదొకటి ఉందని ఒప్పుకుని తల వంచుతున్నాడు, అంతే. తాయెత్తు కడితే కిడ్నీ రాయి కరుగుతుందని అన్ననాడు ఆ తాయెత్తూ పరీక్షకు నిలవాల్సిందే. విశ్వాసం అంకె పలకనంతసేపూ దాన్ని అంకెలు అడగక్కర్లేదు. ఆయిల్ డబ్బా ముందే అంకె పలికింది, ఆ అంకెకు ధర కూడా వేసింది. పైగా ఇక్కడ నమ్మకం శ్రద్ధను తినేస్తుంది. అంటుకుని ఉంటుందిలే అన్న ధీమాతో ఆయిల్ మార్చే గడువు దాటించేవాళ్ళు, డిప్‌స్టిక్ తీసి చూడనివాళ్ళు ఉంటారు. మట్టం తగ్గిన ఇంజిన్‌ను ఏ జిగురూ కాపాడదు.

అంటుకునే గుణానికి నిజంగా విలువున్న చోట్లు లేకపోలేదు. రోజూ తిరిగే బైకులు, ట్యాంకర్లు మాత్రం కావు. పంట అయిపోయాక నెలల తరబడి షెడ్డులో పడి ఉండే ట్రాక్టర్, కరెంటు పోతే తప్ప తిరగని కల్యాణమండపం జనరేటర్, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాల కోసం సిద్ధంగా ఉంచే డీజిల్ సెట్ వంటివి. వీటిలో పైభాగాల ఆయిల్ చాలావరకు దిగిపోవడానికి, తేమ చేరి తుప్పు మొదలవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. స్టార్ట్ అయిన కాసేపటికే పూర్తి లోడు పడుతుంది. అక్కడ నిలిచే పొర కోసం కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు. అయితే అక్కడ కూడా అమ్మేవాడిని అడగాల్సింది తుప్పు పరీక్షలో ఎంత నిలిచిందనే గానీ, ఎంత గట్టిగా అంటుకుంటుందని కాదు. నెలకోసారి ఆ జనరేటర్‌ను కాసేపు నడిపే మనిషి ఉంటే ఆ ఖర్చు కూడా అక్కర్లేకపోవచ్చు.